ఆపరేషన్ ఒక్కటే మార్గం కాదు
(ముస్లిం మహిళల ఆరోగ్య అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ఈ విషయంపై మాట్లాడాలని నిర్ణయించుకున్నప్పుడు మాలోనే కొందరు సంకోచించారు. ఇవి నలుగురిలో చర్చించే సంగతులు కావు, నాలుగు గోడల మధ్య చెప్పుకోవలసినవి అన్నారు. వారి భావన మాకు అర్థమైంది. అయితే ఆ నాలుగు గోడల మధ్య చెప్పేవారెవరు? అత్తగారికి తెలియదు, అమ్మకు తెలియదు, భర్త అడగడు, ఆసుపత్రిలో చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. మదీనా అన్సారీ స్త్రీలు తెలుసుకోవలసిన విషయాన్ని తెలుసుకోవడానికి సిగ్గును అడ్డు రానివ్వలేదని హజ్రత్ ఆయిషా (రజి) వారిని ప్రశంసించారు. ఆ సంప్రదాయాన్ని ఆసరా చేసుకునే మేము ఈ వేదిక మీదికి వచ్చాము.

ముందుగా ఇద్దరు సోదరీమణుల గురించి చెబుతాము. పేర్లు చెప్పము. మీ వీధిలోనూ ఇలాంటివారు ఉండే ఉంటారు.

మొదటి సోదరి బీడీలు చుట్టే కుటుంబంలోని కోడలు. నాలుగేళ్లలో మూడు కాన్పులు. మూడో కాన్పు నాటికి ఆమె రక్తంలో హిమోగ్లోబిన్ ఏడుకు పడిపోయింది. ఆసుపత్రివారు ఆపరేషన్ చేయించుకోమన్నారు. శాశ్వతంగా సంతానం ఆపుకోవడం ధర్మసమ్మతం కాదని భర్త నిరాకరించాడు. సిబ్బంది విసుక్కున్నారు, ఆయన పౌరుషపడ్డాడు. తల్లీబిడ్డలను ఇంటికి తీసుకువచ్చేశారు. ఆపరేషన్ కాకపోతే మరో మార్గం ఉన్నదని ఆ రోజు అటు ఆసుపత్రిలో గానీ, ఇటు కుటుంబంలో గానీ ఒక్కరూ నోరు తెరిచి చెప్పలేదు. ఏడాది తిరగకుండానే ఆమె నాలుగోసారి గర్భవతి అయింది. అల్లాహ్ దయవల్ల ప్రాణంతో బయటపడింది. కానీ రెండు సీసాల రక్తం ఎక్కించవలసి వచ్చింది.

రెండో సోదరి కథ దీనికి పూర్తిగా వ్యతిరేకం. కాన్పు అయిన వెంటనే ఆమెకు చెప్పకుండానే కాపర్-టి వేశారు. నెలల తరబడి రక్తస్రావం అవుతూ ఉంటే ఏమైందో తెలియక తావీజులు కట్టించుకుంది. చివరికి వేరొకచోట పరీక్ష చేయించుకుంటే విషయం బయటపడింది. ఆ తరువాత ఆమె ఏ ప్రభుత్వ ఆసుపత్రి గడపా తొక్కనని ఒట్టు పెట్టుకుంది. తన చెల్లెళ్లనూ తొక్కనివ్వలేదు.

ఒకరికి చెప్పకపోవడం వల్ల అందలేదు. మరొకరికి చెప్పకుండానే అంటగట్టారు. ఈ రెండు అన్యాయాల మూలం ఒక్కటే. స్త్రీని అడగవలసిన మనిషిగా చూడకపోవడం. ఈ రోజు మేము కాపర్-టి గురించి మాట్లాడుతున్నామంటే దానిని ప్రచారం చేయడానికి కాదు. తెలుసుకుని అవుననే హక్కు, తెలుసుకుని వద్దనే హక్కు రెండూ మన స్త్రీలకు దక్కాలని.

అపనమ్మకం ఎక్కడ నుంచి వచ్చింది?

కుటుంబ నియంత్రణ అనగానే మన పెద్దలు ఉలిక్కిపడటంలో ఆశ్చర్యం లేదు. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976–77 ఒక్క సంవత్సరంలోనే దేశంలో 80 లక్షలకు పైగా సంతాన నిరోధక ఆపరేషన్లు జరిగాయి. 1976 ఏప్రిల్‌లో ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్ వద్ద, అక్టోబరులో ముజఫర్‌నగర్‌లో కాల్పులు జరిగాయి. నవంబరులో మేవాత్‌లోని ఉటావర్ గ్రామాన్ని పోలీసులు చుట్టుముట్టి పురుషులను ఆపరేషన్లకు తరలించారు. ఈ జ్ఞాపకాలు మన సమాజంలో తాత నుంచి మనవడికి సంక్రమించాయి.

లూపు చరిత్ర కూడా మచ్చలేనిది కాదు. 1965లో ‘లిప్పీస్ లూప్’ అనే ప్లాస్టిక్ సాధనాన్ని మన దేశంలో పెద్దయెత్తున ప్రవేశపెట్టారు. లక్ష్యాలు నిర్ణయించి వేయించారే గానీ, వేసిన తరువాత రక్తస్రావమైన స్త్రీ గోడు వినేవారిని ఏర్పాటు చేయలేదు. కొద్ది సంవత్సరాల్లోనే దాని పేరు చెడింది. ఈనాటికీ మన నాయనమ్మలు ‘లూపు’ అనే మాట వింటే ముఖం చిట్లిస్తారంటే, దానికి కారణం వారి అజ్ఞానం కాదు, వారి అనుభవం. 1996లో ప్రభుత్వం పైనుంచి లక్ష్యాలు నిర్ణయించే పద్ధతికి స్వస్తి పలికింది. అయినా శిబిరాల సంస్కృతి సులభంగా పోలేదు. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ వద్ద, 2022 ఆగస్టులో మన రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఆపరేషన్ల అనంతరం స్త్రీలు ప్రాణాలు కోల్పోయారు. ఇబ్రహీంపట్నంలో ఆ సంఖ్య నాలుగు. బిలాస్‌పూర్ ఘటన తరువాత, 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి శిబిరాలను మూడేళ్లలో నిలిపివేయాలని నిర్దేశించింది.

మరోవైపు మన మీద ఒక నింద నిత్యం మోగుతూ ఉంటుంది. ముస్లింలు జనాభా పెంచుతున్నారని. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలే దానికి సమాధానం. 1992–93లో ముస్లిం స్త్రీకి సగటున 4.4గా ఉన్న సంతానం 2019–21 నాటికి 2.36కు దిగింది. దేశంలోని మతసమూహాలన్నింటిలోనూ అతి వేగంగా తగ్గినది మనదే. అయితే ఈ లెక్కను నింద వేసేవారికి సంజాయిషీగా చెప్పడం మా ఉద్దేశం కాదు. బిడ్డను కనాలా వద్దా అన్నది ఒక కుటుంబం తన తల్లి ఆరోగ్యాన్ని చూసి నిర్ణయించుకోవలసిన విషయం. ఎవరి భయాన్ని తీర్చడానికో, ఎవరి కోపానికి సవాలుగానో నిర్ణయించుకునేది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధన మూడు దశాబ్దాలు సాగింది. 2024లో దానిని ఎత్తివేసి, ఇప్పుడు ఎక్కువ మందిని కనమంటున్నారు. ప్రభుత్వాల లెక్కలు ఇలా తిరగబడుతూనే ఉంటాయి. రక్తహీనతతో కాన్పు బల్ల మీద పడుకున్న తల్లి లెక్క మాత్రం మారదు.

తెలుగు నాట ఒకే ఒక తలుపు

అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది, తెలంగాణలో 60 శాతానికి పైగా ఆపరేషన్ చేయించుకున్నవారే. కాపర్-టి వాడేవారు రెండు రాష్ట్రాల్లోనూ నూటికి ఒక్కరు కూడా లేరు. దేశం మొత్తం మీద చూసినా రెండు శాతమే. పురుషుల ఆపరేషన్లయితే చెప్పనవసరం లేనంత స్వల్పం. అంటే మన దగ్గర కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషన్, అది కూడా స్త్రీకే. ఎందరో స్త్రీలకు పాతికేళ్లు నిండకముందే అది జరిగిపోతోంది. ఆ తరువాత బిడ్డ దక్కకపోయినా, జీవితం మరో మలుపు తిరిగినా చేయగలిగింది అతి తక్కువ.

ఆపరేషన్‌ను ధార్మిక కారణాలతో వద్దనుకునే ముస్లిం కుటుంబానికి ఇక మిగిలేది ఏమిటి? ఏమీ వాడకుండా వరుస కాన్పులు భరించడం. ఆపై మందుల దుకాణంలో గర్భస్రావపు మాత్రలు రహస్యంగా కొని మింగడం. ఈ రెండో దారి ఎంత ప్రమాదకరమో మాలోని వైద్యులు ప్రతి నెలా చూస్తున్నారు. ఈ రెండింటి నడుమ ఉన్న తలుపును తెరిచి చూపించడానికే ఈ ప్రసంగం.

కాపర్-టి అంటే ఏమిటి?

ఇది సుమారు మూడున్నర సెంటీమీటర్ల పొడవున్న మెత్తని ప్లాస్టిక్ సాధనం. ఆంగ్ల అక్షరం ‘టి’ ఆకారంలో ఉంటుంది. దాని మీద సన్నని రాగి ఉంటుంది. కింది కొసకు రెండు నైలాన్ పోగుల వంటి దారాలుంటాయి. శిక్షణ పొందిన డాక్టరు లేదా నర్సు దీనిని గర్భసంచిలో అమరుస్తారు. కోత లేదు, కుట్లు లేవు, సాధారణంగా మత్తుమందు అవసరం ఉండదు. కొద్ది నిమిషాల పని. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రెండు రకాలు ఉచితంగా లభిస్తాయి. పదేళ్లు పనిచేసే కాపర్-టి 380ఏ ఒకటి, అయిదేళ్లు పనిచేసే కాపర్ 375 మరొకటి.

ఇది ఎలా పనిచేస్తుందన్న ప్రశ్న మనకు ముఖ్యమైనది. ఎందుకంటే ఇది గర్భస్రావం చేసే సాధనమని చాలామంది నమ్ముతారు. రాగి నుంచి విడుదలయ్యే సూక్ష్మ కణాలు పురుష బీజాల కదలికను, శక్తిని దెబ్బతీస్తాయి. అండంతో అవి కలవకుండా చేయడమే దీని ప్రధాన చర్య. నిలిచిన గర్భాన్ని తొలగించడం దీని పని కాదు. అందుకే గర్భం లేదని నిర్ధారించుకున్న తరువాతనే దీనిని వేస్తారు.

ఇక ఫలితం. కాపర్-టి వేయించుకున్న వేయి మంది స్త్రీలలో మొదటి సంవత్సరం గర్భం దాల్చేవారు ఆరు నుంచి ఎనిమిది మంది మాత్రమే. పదేళ్ల కాలాన్ని కలిపి చూసినా నూటికి ఇద్దరు. గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో, రోజూ మరువకుండా వేసుకోవడం అందరికీ సాధ్యం కాదు గనుక, ఏడాదిలో నూటికి సుమారు ఏడుగురు గర్భవతులవుతారు. నిరోధ్ విషయంలో ఈ సంఖ్య దాదాపు పదమూడు. ఆపరేషన్ తరువాత కూడా వేయి మందిలో అయిదుగురికి గర్భం వచ్చే అవకాశం ఉంటుంది. అంటే కాపర్-టి ఫలితం ఇంచుమించు ఆపరేషన్‌తో సమానం. తేడా ఒక్కటే. ఆపరేషన్ తిరిగి రాని దారి. కాపర్-టిని ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయించుకోవచ్చు. తీసిన వెంటనే గర్భధారణ శక్తి తిరిగి వస్తుంది.

మరికొన్ని మేళ్లు ఉన్నాయి. ఇందులో హార్మోన్లు లేవు గనుక తల్లిపాల మీద ఎలాంటి ప్రభావం ఉండదు. రోజూ గుర్తుంచుకోవలసిన పని లేదు, నెల నెలా ఖర్చు లేదు. అరక్షిత కలయిక జరిగిన అయిదు రోజుల లోపు వేయించుకుంటే అది అత్యవసర గర్భనిరోధకంగా కూడా అత్యంత సమర్థంగా పనిచేస్తుంది.

ఎప్పుడు వేయించుకోవాలి?

కాన్పు అయిన వెంటనే, లేదా 48 గంటల లోపు వేయించుకోవచ్చు. సిజేరియన్ సమయంలోనూ వేస్తారు. ఆ గడువు దాటితే ఆరు వారాలు ఆగాలి. మిగతావారు నెలసరి మొదలైన పన్నెండు రోజుల లోపు, లేదా గర్భం లేదని నిర్ధారణ అయితే ఏ రోజైనా వేయించుకోవచ్చు. కాన్పు వెంటనే వేయించుకోదలచినవారు ఆ నిర్ణయాన్ని నొప్పుల బల్ల మీద తీసుకోకూడదు. ఆరో నెలలో, ఏడో నెలలో పరీక్షలకు వెళ్లినప్పుడే భార్యాభర్తలు కలిసి అడిగి తెలుసుకుని, నిర్ణయాన్ని తల్లి కార్డు మీద రాయించుకోవాలి.

ఇబ్బందులను దాచకూడదు

గతంలో జరిగిన తప్పు ఇబ్బందులను దాచడమే. మేము దాచము. మొదటి మూడు నుంచి ఆరు నెలల పాటు నెలసరి ఎక్కువ రోజులు, ఎక్కువగా కావచ్చు. పొత్తికడుపులో నొప్పి రావచ్చు. చాలామందికి క్రమంగా తగ్గిపోతుంది. మన దేశంలో సగానికి పైగా స్త్రీలు రక్తహీనులు. కాబట్టి వేయించుకునే ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి, తరువాత ఐరన్ మాత్రలు వాడాలి. తీవ్రమైన రక్తహీనత ఉన్నవారు వైద్యుల సలహా లేకుండా వేయించుకోకూడదు. అలాంటివారికి రక్తస్రావాన్ని తగ్గించే హార్మోన్ సాధనం కూడా ఉంది. అది ఎక్కువగా ప్రైవేటు ఆసుపత్రుల్లోనే దొరుకుతుంది, ఖరీదు కూడా ఎక్కువ.

కొందరిలో సాధనం దానంతట అదే జారిపోవచ్చు. కాన్పు వెంటనే వేసినవారిలో ఈ అవకాశం కొంత ఎక్కువ. గర్భసంచికి రంధ్రం పడటం అతి అరుదు. వేయి మందిలో ఒకరిద్దరికి మించదు. వేసిన మొదటి మూడు వారాల్లో ఇన్ఫెక్షన్ అవకాశం స్వల్పంగా ఉంటుంది. సుఖవ్యాధుల నుంచి ఇది రక్షణ ఇవ్వదు. గర్భసంచి ఆకారంలో లోపం ఉన్నవారు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారు, గర్భసంచి ఇన్ఫెక్షన్ లేదా గర్భాశయ క్యాన్సర్ ఉన్నవారు దీనిని వేయించుకోకూడదు.

వేయించుకున్న తరువాత ఈ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయకండి. విపరీతమైన రక్తస్రావం, జ్వరంతో కూడిన కడుపునొప్పి, దుర్వాసనతో తెల్లబట్ట, దారాలు చేతికి తగలకపోవడం, నెలసరి తప్పడం. కాపర్-టి ఉండగా గర్భం రావడం అరుదే అయినా, వస్తే అది గర్భసంచి వెలుపల నిలిచిందేమోనని వెంటనే పరీక్షించాలి.

ఇది గుండెలోకి పాకిపోతుందన్నది అపోహ. బరువులు మోసేవారికి పనికిరాదన్నది అపోహ. భర్తకు దారాలు తగిలితే వాటిని కత్తిరించి సరిచేస్తారు. అంతకు మించి ఆయనకు హాని ఏమీ లేదు.

మరొక సందేహం మన స్త్రీలదే. రక్తస్రావం ఎక్కువ రోజులు ఉంటే నమాజు, రోజా సంగతేమిటని. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం నెలసరికి గరిష్ఠ కాలం పది రోజులు. అది దాటిన స్రావాన్ని ఇస్తిహాజాగా పరిగణిస్తారు. ఆ స్థితిలో నమాజు, ఉపవాసం మానవలసిన పని లేదు. వివరాలకు మీ ప్రాంతంలోని ఆలిమాలను సంప్రదించండి. ఈ చిన్న సందేహానికి సమాధానం దొరకక కాపర్-టి తీయించుకున్నవారు, తీయించుకోలేక రంజాన్ అంతా కుమిలిపోయినవారు మాకు తెలుసు.

ధర్మం ఏమంటోంది?

మేము ముఫ్తీలము కాము, ఫత్వా ఇవ్వడం మా పని కాదు. విద్వాంసులు చెప్పినదాన్ని మీ ముందు ఉంచుతాము. దైవప్రవక్త (సఅసం) కాలంలో సహాబాలు గర్భం నిలవకుండా ‘అజ్ల్’ పాటించేవారని, దానిని నిషేధించలేదని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు. ఇమామ్ గజాలీ తన ‘ఇహ్యా’ గ్రంథంలో భార్య ఆరోగ్యాన్ని, కుటుంబ భారాన్ని దృష్టిలో పెట్టుకుని అజ్ల్‌ను అనుమతించారు. 1988లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ మూడు విషయాలు తీర్మానించింది. సంతానాన్ని నిర్బంధంగా పరిమితం చేసే చట్టం ధర్మసమ్మతం కాదు. తప్పనిసరి కారణం లేకుండా సంతాన శక్తిని శాశ్వతంగా తొలగించడం నిషిద్ధం. కాన్పుల నడుమ ఎడం కోసం, భార్యాభర్తల పరస్పర సంప్రదింపుతో, హాని లేని తాత్కాలిక పద్ధతిని అనుసరించవచ్చు. కాపర్-టి పనిచేసే తీరుపై సందేహంతో దానిని ఇష్టపడని ఉలమాలు కూడా ఉన్నారు. వారి అభిప్రాయాన్నీ గౌరవించాలి. మనస్సు ఒప్పనివారికి మాత్రలు, ఇంజెక్షన్లు, నిరోధ్ వంటి ఇతర తాత్కాలిక పద్ధతులున్నాయి.

దివ్య ఖుర్ఆన్ తల్లి బిడ్డకు రెండేళ్లు పాలివ్వడాన్ని ప్రస్తావిస్తూ, పాలు మాన్పించే విషయంలో సైతం భార్యాభర్తలు పరస్పరం సంప్రదించుకోవాలని బోధించింది. కాన్పు తరువాత మరో గర్భానికి కనీసం రెండేళ్ల వ్యవధి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేస్తోంది. ఈ రెండింటి మధ్య ఉన్న సామీప్యాన్ని మన పురుషులు గమనించాలి. సోదరులారా, ఆపరేషన్ వద్దని చెప్పే హక్కు మీకుందని మీరు భావిస్తే, వద్దన్న తరువాత ఏమిటన్న బాధ్యత కూడా మీదే. ఆ బాధ్యత లేని ధార్మికత భార్య శరీరం మీద మోపిన భారం మాత్రమే.

మన హక్కులు, మన కోరికలు

సంతానం విషయంలో నిర్ణయం స్త్రీ వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని, అది రాజ్యాంగం 21వ అధికరణం పరిధిలోకి వస్తుందని 2009లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి చెప్పకుండా కాపర్-టి వేయడం హక్కుల ఉల్లంఘన. తీయమని అడిగినప్పుడు ‘ఇంకా గడువు ఉంది’ అని తిప్పిపంపడం కూడా ఉల్లంఘనే. కారణం చెప్పవలసిన అవసరం మీకు లేదు. భర్త సంతకం చట్టరీత్యా తప్పనిసరి కాదు. వేసిన తేదీ, రకం, తీయవలసిన గడువు రాసిన కార్డును అడిగి తీసుకోండి, జాగ్రత్త చేయండి.

ప్రభుత్వాలను మేము కోరేవి పెద్ద కోరికలు కావు. ముస్లింలు అధికంగా ఉన్న బస్తీల ఆరోగ్య కేంద్రాల్లో వారానికి కొన్ని రోజులైనా శిక్షణ పొందిన మహిళా వైద్యురాలు ఉండాలి. పరదాకు భంగం కలగని గది ఉండాలి. వివరాల పత్రాలు తెలుగుతో పాటు ఉర్దూలోనూ ఇవ్వాలి. ఎన్ని వేశారన్న లెక్కతో పాటు, వేయించుకున్నవారిని ఎందరిని తిరిగి పరీక్షించారు, ఎందరికి అడిగిన రోజే తీశారు అన్న లెక్క కూడా చూపాలి.

మన సమాజాన్ని కోరేవీ ఉన్నాయి. నికాహ్‌కు ముందు వధూవరులకు ఇచ్చే బోధనలో ఈ విషయానికి ఒక గంట కేటాయించండి. మదరసాలో చదివిన ఆలిమాలూ, మన వైద్యులూ ఒకే వేదిక మీద కూర్చుని స్త్రీల ప్రశ్నలకు జవాబివ్వాలి. ప్రతి మొహల్లాలో ఇద్దరు ముగ్గురు ఆపాలు ఆశా కార్యకర్తతో కలిసి ఇంటింటికీ వెళితే చాలు, సగం భయం తొలగిపోతుంది.

మొదట చెప్పిన సోదరి నాలుగో కాన్పు తరువాత ఆమె భర్తతో మేము మాట్లాడాము. ఆయన కఠినుడు కాడు, తెలియనివాడు. అన్నీ విని చాలాసేపు మౌనంగా ఉండి, ‘ఈ మాట అప్పుడే ఎవరైనా ఎందుకు చెప్పలేదు?’ అని అడిగాడు. మా దగ్గర సమాధానం లేకపోయింది. ఆరు వారాల తరువాత ఆయనే భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇప్పుడు ఆమె రక్తం కాస్త మెరుగుపడింది. చిన్న బిడ్డ రెండో ఏటా తల్లిపాలు తాగుతోంది.

ఆ ప్రశ్న మళ్లీ ఏ ఇంటి నుంచీ మనకు ఎదురు కాకూడదు. ఈ సభ నుంచి ఇంటికి వెళ్లిన తరువాత కనీసం ఒక్క ఇంట్లోనైనా ఈ విషయం చెప్పండి. మన తల్లులకు, చెల్లెళ్లకు, కుమార్తెలకు అల్లాహ్ ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్. సెలవు.